బస ఎక్కడ? – పాత నగరం చూడబోయేవారు పేటను ఎంచుకునే పద్ధతి: సూరత్ ఉదాహరణ



ఊరు వెళ్తున్నామంటే ఇంట్లో మొదట అడిగేది "ఏ రైలు?" అని. తర్వాత "ఎన్నాళ్లు?" అని. "ఎక్కడ దిగుతారు?" అన్న మూడో ప్రశ్న మాత్రం సాధారణంగా బయల్దేరే ముందురోజు రాత్రి వస్తుంది. జవాబు కూడా తేలిగ్గానే వస్తుంది. "స్టేషను దగ్గర ఏదో ఒక లాడ్జి దొరక్కపోతుందా!" అంటారు. లేదా, "మా చిన్నాన్న తోడల్లుడు అక్కడే ఉంటాడుగా, ఆయన ఇంట్లో దిగుతాం" అంటారు. రెండూ తప్పు జవాబులని నేను అనను. కానీ రెండూ నగరాన్ని చూడకముందే చెప్పిన జవాబులు. ఈ పాఠంలో మనం ఆ మూడో ప్రశ్నను ముందుకు తెచ్చుకుందాం. అందుకు గుజరాత్‌లోని సూరత్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

సూరతే ఎందుకు అని మీరు అడగవచ్చు. రెండు కారణాలు. మొదటిది, అది నాలుగు వందల ఏళ్లకు పైగా బయటివాళ్లు వచ్చి దిగిన ఊరు. బస అనే సమస్యకు అక్కడ చాలా పాత చరిత్ర ఉంది. రెండోది, అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాల తరబడి అక్కడ స్థిరపడ్డాయి. కాబట్టి మీలో కొందరికైనా సూరత్ అంటే చరిత్ర పుస్తకంలోని ఊరు మాత్రమే కాదు, మేనత్త ఉండే ఊరు కూడా.

సరాయి చెప్పే సంగతి

సూరత్‌లో కోటకు దగ్గరలో ముగలీసరా అనే చోటు ఉంది. పేరులోనే ఉంది చూడండి, మొఘల్ సరాయి. షాజహాన్ చక్రవర్తి కాలంలో, 1644లో, అక్కడ బాటసారుల కోసం ఒక పెద్ద సత్రం కట్టారు. ఆ రోజుల్లో హిందూదేశం నలుమూలల నుంచి మక్కా యాత్రకు వెళ్లేవారు సూరత్‌లో ఓడ ఎక్కేవారు. అందుకే దానికి 'మక్కా ద్వారం' అనే పేరు వచ్చింది. ఓడ బయల్దేరాలంటే గాలి అనుకూలించాలి. ఋతుపవనాల లెక్క కుదరకపోతే వారాల తరబడి కాచుకోవాలి. అన్ని వారాలు యాత్రికుడు ఎక్కడ ఉండాలి? తన మూట ఎక్కడ పెట్టుకోవాలి? రాత్రివేళ తలుపు ఎవరు వేస్తారు? ఆ ప్రశ్నలకు రాతితో, సున్నంతో ఇచ్చిన జవాబు ఆ సరాయి. రేవుకు దగ్గర, కోట నీడలో, నలువైపులా గదులు, మధ్యన విశాలమైన ముంగిలి, మూసుకునే ద్వారం. 1867 నుంచి ఆ కట్టడంలో సూరత్ పురపాలక సంఘం, తర్వాతి కాలంలో నగరపాలక సంస్థ కార్యాలయం నడుస్తూ వచ్చింది. బాటసారుల ఇల్లు ఊరి పెత్తనానికి ఇల్లయింది!

యూరప్ వర్తకులకూ ఇదే సమస్య ఎదురైంది. 1608లో హెక్టర్ అనే ఓడలో విలియం హాకిన్స్ సూరత్‌కు వచ్చాడు. 1615లో ఇంగ్లండు రాజు రాయబారిగా థామస్ రో వచ్చాడు. పెద్ద ఓడలు తపతి నదిలోకి రాలేవు. ముఖద్వారంలో ఇసుక మేటలు అడ్డం. అందుకని అవి సముద్రతీరంలోని సువాలీ దగ్గర లంగరు వేసేవి. సరకు అక్కడి నుంచి బళ్లమీద, చిన్న పడవలమీద ఊళ్లోకి వచ్చేది. ఊళ్లో ఇంగ్లీషువారికి ఒక 'ఫ్యాక్టరీ', డచ్చివారికి మరొకటి. ఈ మాట దగ్గర మీరు పొరబడకూడదు. అప్పటి ఫ్యాక్టరీ అంటే వస్తువులు తయారుచేసే కర్మాగారం కాదు. వర్తక ప్రతినిధులు ఉండే ఇల్లు, సరకు దాచే గిడ్డంగి, భోజనశాల అన్నీ ఒకే ప్రహరీలో ఉండే చోటు. మన మచిలీపట్నంలో 1611లో ఇంగ్లీషువారు మొదలుపెట్టినదీ అలాంటిదే. ఆ కాలంలో సూరత్ నుంచి గోల్కొండకు బాట ఉంది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఆ బాటను మజిలీలతో సహా రాసి పెట్టాడు. 1666లో సూరత్‌లో దిగిన తెవెనో అనే మరో ఫ్రెంచివాడూ గోల్కొండ దాకా వచ్చాడు. సూరత్‌కూ తెలుగుదేశానికీ మధ్య రాకపోకలు మరమగ్గాలతో మొదలు కాలేదన్నమాట.

ఇంతకీ సరాయి గురించి ఇంత ఎందుకు చెప్పానంటే, బసను ఎంచుకున్నవాడు తన పనిని బట్టి ఎంచుకున్నాడు. యాత్రికుడికి రేవు కావాలి, వర్తకుడికి గిడ్డంగి కావాలి. మరి మీ పని ఏమిటి?

పటం వేసుకుందాం

ఒక తెల్లకాగితం తీసుకోండి. కాగితం కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి ఒక వంకర గీత గీయండి. అది తపతి నది. ఊరివాళ్లు దాన్ని తాపీ అంటారు. (పేరు తాపీయే గాని, వరద వచ్చినప్పుడు దాని నడక ఏమాత్రం తాపీగా ఉండదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.) గీతకు మధ్యభాగంలో, నది తూర్పు ఒడ్డున, ఒక చిన్న చతురస్రం వేయండి. అది కోట. పోర్చుగీసువారి దాడులను అడ్డుకోవడానికి గుజరాత్ సుల్తాను మూడో మహమూద్ కాలంలో, 1540 దశకంలో కట్టినది. ఆ కోటను కేంద్రంగా పెట్టుకొని నదికి ఆనుకొని ఒక అర్ధచంద్రం గీయండి. ఆ అర్ధచంద్రమే పాత నగరం.

1664లో శివాజీ సూరత్‌ను కొల్లగొట్టాడు. తర్వాత ఊరి చుట్టూ ఇటుక గోడ కట్టారు. ఊరు గోడ దాటి పెరిగాక మరో గోడ వచ్చింది. ఇప్పుడు ఆ గోడలు దాదాపుగా లేవు. పేర్లు మాత్రం మిగిలాయి: ఢిల్లీ గేటు, సహారా దర్వాజా, ఉధనా దర్వాజా, మజూరా గేటు, కతార్గాం దర్వాజా. కొత్త ఊళ్లో దారి తెలియకపోతే దర్వాజా అన్న మాట ఎక్కడ వినపడుతుందో చెవిపెట్టండి. ఆ మాట వినపడ్డ చోట మీరు పాత ఊరి అంచున ఉన్నట్టు లెక్క. హైదరాబాదులో దబీర్‌పురా దర్వాజా, పురానాపుల్ దర్వాజా విన్నవారికి ఇది కొత్త కాదు.

అర్ధచంద్రం తూర్పు అంచున రైల్వేస్టేషను. అక్కడి నుంచి కోట దాకా రాజమార్గం అనే దారి పోతుంది. మొత్తం మూడు కిలోమీటర్ల లోపే. పాత ఊరిని చుట్టి వచ్చేది రింగు రోడ్డు, దాని పొడవునా బట్టల మార్కెట్లు. ఈశాన్యంలో వరాఛా, ఉత్తరాన కతార్గాం – వజ్రాలు సానబట్టే పేటలు. నది అవతల రాందేర్, అడాజణ్. నైరుతిలో అఠ్వా, పిప్లోద్, ఆ దారినే పోతే విమానాశ్రయం, దూమస్ సముద్రతీరం. దక్షిణాన ఉధనా. ఆగ్నేయంలో లింబాయత్, గోడాదరా, ఇంకా కిందికి డిండోలి. డిండోలి స్టేషనుకు ఆరేడు కిలోమీటర్లు.

పటం పూర్తయింది. ఇక పేటలు చూద్దాం. అన్నిటికీ ఒకే కొలత పనికిరాదు. కొన్నిచోట్ల నేను ఎక్కువసేపు ఆగుతాను.

పాత నగరంలో దిగితే

మీరు వెళ్తున్నది చరిత్ర చూడటానికే అయితే కోట, చౌక్ బజారు, భాగళ్, గోపీపురా పరిసరాల్లో దిగడమే మేలని నా అభిప్రాయం. దూరం తగ్గుతుంది, అది నిజమే. కానీ అసలు లాభం ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య ఉంటుంది. పాత నగరం అప్పుడే చూడదగినది. తొమ్మిది దాటాక చేతిబళ్లు, మోటారు సైకిళ్లు, చీరల మూటలు దారిని ఆక్రమిస్తాయి. అప్పుడు తల పైకెత్తి మేడమీది కొయ్య చెక్కడం చూద్దామంటే వెనకవాడు హారన్ కొడతాడు. తెల్లవారుజామున అయితే గోపీపురాలో జైన మందిరాల గంటలు వినిపిస్తాయి. పాల డబ్బాల చప్పుడు వినిపిస్తుంది. లోచో బండివాడు పొయ్యి వెలిగిస్తాడు. లోచో అంటే శనగపప్పు పిండిని ఆవిరిమీద ఉడికించి, నూనె, కారం చల్లి ఇచ్చే మెత్తటి ఫలహారం. దూరపు పేటలో దిగినవాడు ఈ రెండు గంటలను ఆటోలో పోగొట్టుకుంటాడు.

పునరుద్ధరించిన కోటలో ఇప్పుడు ప్రదర్శనశాల ఉంది. కతార్గాం దర్వాజా వైపు ఇంగ్లీషువారి, డచ్చివారి శ్మశానాలున్నాయి. శ్మశానం అనగానే ముఖం చిట్లించకండి. రెండు దేశాల వర్తకులూ చనిపోయాక కూడా పోటీ పడ్డట్టుగా గుమ్మటాలతో పెద్ద పెద్ద సమాధులు కట్టారు. 1664లో ఇంగ్లీషువారి ఫ్యాక్టరీని కాపాడిన జార్జి ఆక్సెండెన్ సమాధి అక్కడుంది. డచ్చివారి వైపు వాన్ రీడ్ అనే అధికారిది ఉంది. 1691లో చనిపోయిన ఈయన కేరళ మొక్కల గురించి 'హోర్టస్ మలబారికస్' అనే పన్నెండు సంపుటాల గ్రంథాన్ని తయారుచేయించాడు. వృక్షశాస్త్రం చదివే విద్యార్థులు అక్కడ ఒక్క పది నిమిషాలు ఆగవచ్చు.

ఇక కష్టాలు. పాత ఊళ్లో లాడ్జీలు చాలావరకు దుకాణాల పైన ఉంటాయి. మెట్లు ఇరుకు, నిటారు. పెద్ద పెట్టెలు తీసుకుపోయేవారికి, మోకాళ్ల నొప్పులున్న తాతయ్యను వెంటబెట్టుకున్నవారికి అవి పనికిరావు. వాహనం గుమ్మం దాకా రాకపోవచ్చు. మరో విషయం నిప్పు. 1837లో సూరత్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. కొయ్య ఇళ్లు ఒకదాని నుంచి ఒకటి అంటుకొని ఊరిలో పెద్ద భాగం కాలిపోయింది. అదే ఏడాది వరద కూడా వచ్చింది. ఇరుకు వీథి, కొయ్య దూలం, ఒకే మెట్ల దారి అనే మూడూ కలిస్తే ఏమవుతుందో ఆ ఊరికి తెలుసు.

ఇది పాతకాలపు సంగతి అనుకోకండి. 2019 మే 24న సూరత్‌లోనే, సర్థానా ప్రాంతంలోని ఒక వాణిజ్య భవనం పై అంతస్తులో శిక్షణ తరగతులు నడుస్తుండగా మంటలు చెలరేగి ఇరవై ఇద్దరు విద్యార్థులు మరణించారు. మీ వయసువాళ్లే. ఆ భవనం పాతదీ కాదు, పాత ఊళ్లోదీ కాదు. కిందికి దిగే దారి మంటల్లో, పొగలో మూసుకుపోయింది. కాబట్టి ఏ పేటలోనైనా గది చూసేటప్పుడు పరుపు నొక్కి చూడటం తర్వాత. ముందు రెండో మెట్ల దారి ఎక్కడుందో అడగండి. ఉందంటే, వెళ్లి దాని తలుపు తెరిచి చూడండి. నేను మొదటిసారి సూరత్ వెళ్లినప్పుడు స్టేషను దగ్గర ఒక లాడ్జిలో దిగాను. రెండో దారి ఉందన్నారు. రాత్రి పదిన్నరకు చూస్తే ఆ తలుపుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాడికి తెలియదు. పొద్దున్నే గది ఖాళీ చేశాను. ఆ రాత్రి మాత్రం నిద్రపోలేదు.

స్టేషను, రింగు రోడ్డు పక్కన

ఇక్కడి లాడ్జీలు వర్తకుల కోసం పుట్టినవి. దేశం నలుమూలల నుంచి చీరలు కొనడానికి వచ్చేవారు ఉదయం దిగి, పగలంతా మార్కెట్లో తిరిగి, రాత్రి సరకు పార్సిలు చేసి వెళ్లిపోతారు. మీరు ఒక్కపూటకు దిగితే సౌకర్యమే. దసరా, దీపావళికి ముందు గదులు దొరకడం కష్టం, అద్దె పెరుగుతుంది. దీపావళి తర్వాత మార్కెట్లు చాలా రోజులు మూతపడతాయి. అప్పుడు ఆ పేట అంతా నిద్రపోతున్నట్టుంటుంది. ఇంకొక సంగతి: సూరత్‌కు పోయే రైళ్లలో కొన్ని సూరత్ స్టేషనులో కాక ఉధనాలో ఆగుతుంటాయి. "స్టేషను పక్కనే" అని గది తీసుకొనేముందు, మీ టికెట్టు మీద ఏ స్టేషను పేరుందో చూడండి. 2021లో శంకుస్థాపన జరిగిన మెట్రో రైలు పనుల వల్ల కొన్ని దారులు మళ్లించి ఉండవచ్చు, అదీ కనుక్కోండి.

నది అవతల

రాందేర్ సూరత్ కంటే ముందే పేరున్న రేవు. 1530లో పోర్చుగీసువారు సూరత్‌ను, రాందేర్‌ను రెండింటినీ తగలబెట్టారు. తర్వాతి కాలంలో ఇక్కడి వర్తకులు బర్మా దాకా పోయారు. అందుకే ఈనాటికీ రంజాను రాత్రుల్లో రాందేర్ వీథుల్లో 'ఖావ్‌సా' అనే బర్మా వంటకం అమ్ముతారు. వర్తకుడు ఎంత దూరం పోయాడో కొన్నిసార్లు శాసనాల కంటే గిన్నెలే బాగా చెప్తాయి. దాని పక్కనే అడాజణ్ కొత్త పేట. వెడల్పు రోడ్లు, కుటుంబాలతో వచ్చేవారికి అనువైన హోటళ్లు ఉంటాయి. పెద్దవాళ్లతో వెళ్తే నేను ఇటువైపే దిగమంటాను. వంతెన దాటితే పాత ఊరు.

కానీ ఇప్పుడు నది సంగతి చెప్పాలి. ఊరికి దాదాపు వంద కిలోమీటర్ల ఎగువన తపతిమీద ఉకాయి ఆనకట్ట ఉంది. 1972లో పూర్తయింది. 2006 ఆగస్టులో ఎగువన కుండపోత వానలు పడి జలాశయం నిండిపోయింది. తొమ్మిది లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వదలాల్సి వచ్చింది. సూరత్‌లో అధిక భాగం మునిగింది. నది అవతలి పేటల్లో జనం రోజుల తరబడి మేడలమీద ఉండిపోయారు. ఏటా ఇలా జరుగుతుందని కాదు. అయితే జూలై నుంచి సెప్టెంబరు దాకా వెళ్లేవారు నేల అంతస్తు గది తీసుకోకూడదు, ఉకాయి నీటిమట్టం వార్తను పేపర్లో చూసుకోవాలి. నది కాకుండా ఊరి తూర్పు, దక్షిణాల్లో ఖాడీలు ఉన్నాయి. ఖాడీ అంటే మన వాగులాంటిది. లింబాయత్, పర్వత్ పాటియా వైపు మీఠీ ఖాడీ పొంగితే నదిలో వరద లేకపోయినా వీథుల్లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి.

ఒక పేటకు చెడ్డపేరు ఎలా వస్తుందో కూడా సూరతే చూపిస్తుంది. 1994 సెప్టెంబరులో, వరద తగ్గిన కొద్ది రోజులకు, అక్కడ ప్లేగు వార్త పుట్టింది. లక్షలాది జనం రైళ్లెక్కి ఊరు వదిలారు. సూరత్ నుంచి వచ్చాడంటే సొంత ఊళ్లోనే దూరం పెట్టిన రోజులవి. మరుసటి ఏడాది ఎస్.ఆర్. రావు కమిషనరుగా వచ్చి చెత్త ఎత్తడం, మురుగు నీరు పోయే దారులు సరిచేయడం పట్టుదలగా చేయించారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో పాటు సూరత్ మొదటి స్థానం పంచుకొంది. ముప్పై ఏళ్ల కిందటి మాట విని ఇప్పటి ఊరికి మార్కులు వేయకండి. పేటల విషయంలోనూ అంతే.

డిండోలి

ఇప్పుడు మన మేనత్త ఇంటి దగ్గరికి వద్దాం.

మీరు వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కారనుకుందాం. బల్లార్షా, వార్ధా, భుసావల్ దాటి, జల్‌గావ్ దగ్గర రైలు తపతి లోయ మార్గం పడుతుంది. నందుర్‌బార్ దాటాక గుజరాత్. చివరికి ఉధనా దగ్గరపడేసరికి కిటికీలోంచి వరుసలు వరుసలుగా ఇళ్లు, రేకుల షెడ్లు కనిపిస్తాయి. అదే డిండోలి వైపు. అంటే తెలుగువాడు కోట కంటే ముందు చూసే సూరత్ ఇదే. ఒకప్పుడిది పల్లె. నగరం పెరిగి, 2006లో సరిహద్దులు విస్తరించినప్పుడు ఇలాంటి పల్లెలెన్నో నగరంలో కలిశాయి. ఖాందేశ్ మరాఠీలు, ఉత్తరప్రదేశ్, బీహార్ వాళ్లు, ఒడియాలు, మన తెలుగువాళ్లు పక్కపక్క గల్లీల్లో ఉంటారు. దీపావళి తర్వాత ఇక్కడి ఛఠ్ సరోవరం గట్టున బీహారువాళ్లు సూర్యుడికి అర్ఘ్యమిస్తారు. దసరా రోజుల్లో ఒక గల్లీలో గర్బా, ఇంకో గల్లీలో బతుకమ్మ. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. ఒక ఊరిని అర్థం చేసుకోవడానికి ఇది కోటకంటే తక్కువ పాఠమా?

"అటువైపు వద్దు, అది మంచి పేట కాదు" అని మీకు చెప్పేవారు ఉంటారు. అడగండి: మంచిది కాదు అంటే ఏమిటి? దొంగతనమా, దుర్వాసనా, లేక అక్కడ పనిచేసుకొని బతికేవాళ్లు ఉన్నారనా? మొదటి రెండూ కనుక్కోదగ్గ విషయాలు. మూడోది కారణం కాదు. అయితే డిండోలిలో దిగమని కూడా నేను కళ్లు మూసుకొని చెప్పను. అది బస చేసేవారి పేట కాదు, కాపురముండేవారి పేట. లాడ్జీలు తక్కువ. చరిత్ర చూసేవారికి రానుపోను దూరం. రోజుకు రెండుసార్లు ముప్పావుగంట చొప్పున పోయిందనుకోండి, మూడు రోజుల యాత్రలో నాలుగున్నర గంటలు దారిలోనే. అది ఒక పూట.

బంధువుల ఇల్లుంటే? ఈ ప్రశ్న దగ్గరే నాకు ఒక పాఠం దొరికింది. మొదటి లాడ్జి ఖాళీ చేశాక ఏం చేయాలో తోచక, తెలిసినవారి ద్వారా డిండోలిలో సిరిసిల్ల వైపు కుటుంబం ఇంటికి పోయాను. ఒకటే గది, ముందు చిన్న వరండా. ఇంటాయన సాంచాల మీద పని. సాంచాలంటే మరమగ్గాలు. పన్నెండు గంటల పాళీ. ఒకవారం పగలు, ఒకవారం రాత్రి. ఆ ఇల్లాలు నాకు ఉన్న ఒక్క మంచం చూపించి, "మీరు మంచంల పండుండ్రి సార్. మా ఆయన రాత్రి డ్యూటీల ఉన్నడు, పొద్దుగాల ఎనిమిదింటికి గాని రాడు. ఏం గాదు" అంది. హాయిగా నిద్రపోయాను. లాడ్జిలో పోగొట్టుకున్న నిద్ర కూడా కలిపి తీర్చుకున్నాను. లేచేసరికి తొమ్మిదిన్నర. ఆయన వరండాలో గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. చెవుల్లో ఇంకా మగ్గాల మోత ఉన్నట్టు కొంచెం గట్టిగా మాట్లాడుతున్నాడు. "మీరు పండుకున్నరు గదా సార్, లేపుడెందుకని" అన్నాడు. గంటన్నరగా అలాగే కూర్చున్నాడట! ఆ మంచం రాత్రి ఖాళీగా ఉండేది గనుక నాకు ఇచ్చారు. పగలు అది ఆయనది.

నేను ఆ రోజే కోట దగ్గర గది తీసుకున్నాను. వాళ్లు నొచ్చుకున్నారు. "మా ఇల్లు నచ్చలేదా సార్?" అని ఆమె రెండుసార్లు అడిగింది. సరైన జవాబు అప్పటికి నాకు తట్టలేదు. మర్నాడు సాయంత్రం ఆయన డ్యూటీకి పోకముందు మళ్లీ వెళ్లి భోజనం చేసి, పిల్లలను తీసుకొని ఛఠ్ సరోవరం దాకా నడిచి వచ్చాను. అప్పుడు ఆమె ముఖం తేటపడింది. తర్వాత ఎప్పుడు సూరత్ వెళ్లినా నాది అదే పద్ధతి. రాత్రులు పాత నగరంలో, ఒక సాయంత్రం డిండోలిలో. ఉధనా దర్వాజా నుంచి షేరు ఆటోలు మార్చుకుంటూ పోవచ్చు. పాళీ మారే వేళల్లో, ఉదయమూ సాయంత్రమూ, ఆటోల్లో చోటు దొరకదు. ఆ చోటు పనికి పోయేవాళ్లది, మనం ఒక గంట ఆగవచ్చు.

గది ఖాయం చేసుకునేముందు

పేట తేల్చుకున్నాక మిగిలినవి చిన్న పనులే. కానీ చిన్న పనులే రాత్రిపూట పెద్దవవుతాయి. మీ రైలు రాత్రి పదకొండుకు దిగుతుందా? అయితే ఆ వీథిని పగటి ఫోటోలో చూసి లాభం లేదు. రాత్రి పదింటికి అక్కడ ఏ దుకాణాలు తెరిచి ఉంటాయో ఫోనులో అడగండి. మందుల దుకాణం, టీ బండి వెలుగు ఉన్న వీథి మంచిది. అమ్మాయిలు జట్టుగా వెళ్తుంటే మొదటి రాత్రికి స్టేషనులోని విశ్రాంతి గదులు దొరుకుతాయేమో చూసుకొని, తెల్లవారాక పాత ఊళ్లోకి మారడం తెలివైన పని. గుర్తింపు కార్డు అందరి దగ్గరా ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారికి పెద్దలు లేకుండా చాలాచోట్ల గది ఇవ్వరు. కాలేజీ జట్టయితే ప్రిన్సిపాల్ ఉత్తరం దగ్గర పెట్టుకోండి. చలికాలం వెళ్లేవారికి ఒక మాట: నది ఒడ్డున 'పోంక్' అమ్ముతారు. లేత జొన్నకంకులను కాల్చి రాల్చిన గింజలు. మన ఊచబియ్యమే! కారప్పూసతో కలిపి ఇస్తారు. దాని వాసన తగిలితే సూరత్‌లో ఉన్నామా, సంగారెడ్డి చేనిగట్టున ఉన్నామా అనిపిస్తుంది.

బంధువుల ఇంట్లోనే దిగక తప్పదనుకుంటే, బయల్దేరేముందు ఫోను చేసి "మామయ్యా, మేం వచ్చే వారం మీది పగటి డ్యూటీయా, రాత్రి డ్యూటీయా?" అని అడగండి.

అభ్యాసం

ఇప్పుడు దారి తిప్పుదాం. డిండోలిలో పుట్టి పెరిగిన పద్దెనిమిదేళ్ల తెలుగు కుర్రవాడు, తాతల ఊరు చూడాలని మూడు రోజులకు వరంగల్ వస్తున్నాడనుకోండి. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. నవజీవన్‌లోనే వస్తాడు. అతను చూడాల్సినవి ఖిలా వరంగల్ తోరణాలు, హనుమకొండ వేయిస్తంభాల గుడి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పాలంపేట రామప్ప గుడి. కాజీపేట, హనుమకొండ, వరంగల్ మూడూ కలిసిపోయిన ఊరు మనది. రామప్పకు మాత్రం బస్సు ప్రయాణం. పటం గీయండి. అతన్ని ఏ పేటలో దించుతారు? ఎన్ని రాత్రులు? మీ ఇంట్లోనే దించుకుంటే ఎవరి మంచం ఇస్తారు, ఆ రాత్రి వాళ్లెక్కడ పడుకుంటారు? ఒక పేజీకి మించకుండా రాయండి.